మావారి రివాల్వర్లు, నా తాళంచెవి

బట్టలు మెషీన్‌లో వేసేముందు జేబులు వెతకడం పెళ్లయిన కొత్తలోనే అలవాటైంది నాకు. మావారి జేబుల్లో దొరకని వస్తువు ఉండదు. పెన్ను, పార్కింగ్ చీటీ, ఎవరో పెట్టిన సగం లడ్డూ. రెండేళ్ల కిందట ఒక ఆదివారం మాత్రం ఏదో తొందరలో వెతక్కుండా వేసేశాను. మెషీన్ తిరుగుతుంటే టకటకమని చప్పుడు. చిల్లర నాణెమేదో ఉండిపోయిందనుకున్నాను. బట్టలన్నీ తీశాక అడుగున దొరికింది. చిటికెన వేలి చివరి కణుపంత పొడవు, పెన్సిలంత లావు కూడా లేదు. ఇత్తడి గొట్టం, దాని మూతికి సీసపు ముక్క.

తూటా. పేలనిది.

బట్టల బుట్ట పక్కనే నేల మీద కూలబడిపోయాను.

మా ఇంట్లోకి తూటా ఎలా వచ్చిందో చెప్పాలంటే పక్కింటి పెద్దాయనతో మొదలుపెట్టాలి. మేముండేది ఒహాయోలో, కొలంబస్ ఊరి శివార్లలో. పెద్దాయనకి ఎనభై ఆరేళ్లు. భార్య పోయి నాలుగేళ్లు. మా పిల్లలు మొదటినుంచీ ఆయన్ని 'తాతా' అనే పిలుస్తారు. అర్థం చెబితే మురిసిపోయి, తనే ఫోన్ చేసినప్పుడు 'తాతాని మాట్లాడుతున్నా' అంటాడు. నేను గారెలు వండిన రోజు ఒక గిన్నె అటు వెళుతుంది. ఆయన తోటలో టమాటాలు కాస్తే ఒక సంచీ ఇటు వస్తుంది. మంచు పడ్డ పొద్దున మావారు లేచేసరికి మా వాకిలి ఆయన ఊడ్చేసి ఉండేవాడు, మొన్న మొన్నటి దాకా. ఇప్పుడు మావాళ్లు ఆయన వాకిలి ఊడుస్తున్నారు.

మాకు ఇక్కడి సిటిజన్‌షిప్ వచ్చిన ఏడాది దసరాలకి అటూ ఇటూగా, పెద్దాయన ఒక నీలం అట్టపెట్టె పట్టుకుని వచ్చాడు. కేకేమో అనుకుని ప్లేట్లు తీశాను కూడా. పెట్టెలో రివాల్వర్. స్మిత్ అండ్ వెసన్ వాళ్ల కె-22 మాస్టర్‌పీస్. వాళ్ల నాన్న 1949లో కొన్నది, బిల్లు ఇంకా పెట్టెలోనే ఉంది. దాన్తో వచ్చిన చిన్న స్క్రూడ్రైవరూ ఉంది. 'మా పిల్లలకి దీని మీద ఆసక్తి లేదు. మీ దగ్గరుంచుకోండి' అని మావారి చేతిలో పెట్టాడు.

మావారిది తెనాలి. సూపర్‌స్టార్ కృష్ణ ఊరు బుర్రిపాలెం పక్కనే. 'మోసగాళ్లకు మోసగాడు' 1971లో వచ్చిందని, తెలుగులో మొదటి కౌబాయ్ సినిమా అదేనని, మా పెళ్లి చూపుల్లోనే చెప్పిన మనిషి. చిన్నప్పుడు వాళ్ల చిన్నాన్న భుజాలమీద కూచుని చూశాడట. అలాంటి మనిషి చేతిలో రివాల్వర్ పెడితే ఇంకేముంది! ఆ రాత్రి భోజనం చేస్తూ కూడా ఆ పెట్టె వంక చూసుకుంటూనే ఉన్నాడు.

నాకు మాత్రం ముద్ద దిగలేదు.

మాది జగిత్యాల వైపు పల్లె. నా చిన్నతనంలో అంటే 80లలో, మా దిక్కు తుపాకీ అంటే సినిమా కాదు. చీకటి పడ్డాక తలుపు కొడితే ఎవరొచ్చారో తెలిసేది కాదు. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒక రాత్రి ముగ్గురు అన్నలు వచ్చి అన్నం అడిగారు. అమ్మ వండి, పచ్చిపులుసు పోసి పెట్టింది. తింటున్నంతసేపూ వాళ్ల తుపాకీ ఒకటి గోడకి ఆనించి ఉంది, సరిగ్గా నా బడిసంచి పక్కన. నేను దుప్పటి సందులోంచి దాన్నే చూస్తూ పడుకున్నాను. వారం తిరక్కముందే పోలీసులు వచ్చారు. వాళ్ల దగ్గరా తుపాకులే. బాపును స్టేషన్‌కి తీసుకుపోయి మూడో రోజు పంపించారు. బాపు బడిపంతులు, ఊరందరికీ ఉత్తరాలు రాసిపెట్టే మనిషి. వచ్చాక ఆ రెండు రోజుల గురించి చనిపోయేదాకా ఒక్క మాట చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఇటు చూస్తే ఈ దేశం. మా చిన్నాడు రెండో తరగతిలో ఉండగా ఒకరోజు బడినుంచి వచ్చి, 'ఇవాళ మేమందరం లైట్లు ఆర్పి గోడవారన చప్పుడు చెయ్యకుండా కూచున్నాం, నేను అస్సలు కదల్లేదు తెలుసా' అని గొప్పగా చెప్పాడు. ఎవరైనా తుపాకీతో బడిలోకి వస్తే ఏం చెయ్యాలో నేర్పించారన్నమాట. వాడికి పాలు కలిపి ఇచ్చి, బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను. ఇవన్నీ తెలిసిన మనిషి, నాతో ఇరవై ఏళ్లు కాపురం చేసిన మనిషి, ఆ వస్తువుని ఇంట్లో పెట్టుకుని మురిసిపోతుంటే నాకెలా ఉంటుంది?

'ఇది మనుషుల్ని కాల్చేది కాదు, అట్టముక్కలకి చిల్లులు పెట్టేది' అన్నారు మావారు. 'అట్టముక్కకీ మనిషికీ తేడా దానికి తెలుసా?' అన్నాను. ఆయన దగ్గర జవాబు లేదు. నాకూ ఆ పెద్దాయన మొహం చూసి వెనక్కి పంపే ధైర్యం లేకపోయింది.

ఒకటి రెండవడానికి ఎంతసేపు? నేను కంచి పట్టుచీరల దగ్గర ఒకటితో ఆగానా? కాబట్టి ఆ మాట ఆయన్ని అనే అర్హత నాకు లేదు. మూడేళ్లలో మా ఇంట్లో పాత రివాల్వర్లు నాలుగయ్యాయి. అన్నీ .22 రకం, అన్నీ గురి ఆట కోసం చేసినవే, అన్నీ నాకంటే వయసులో పెద్దవి. యాభై ఏళ్లు దాటినవాటిని ఇక్కడ పురాతన సేకరణ కింద లెక్కేస్తారు. అలాంటివి సేకరించేవాళ్లకి వేరే లైసెన్సు ఉంది, మూడేళ్లకి 30 డాలర్లు. అది తీసుకుంటే ఏది ఎప్పుడు ఎవరి దగ్గర కొన్నారో, ఎవరికి ఇచ్చారో ఒక బైండు పుస్తకంలో రాసి ఉంచాలి. మావారి దస్తూరీ ఆయనకే అర్థం కాదు. చివరికి ఆ పద్దు రాసేది నేను. బి.ఏ. తెలుగు చదివి గుండ్రంగా రాయడం నేర్చుకున్నది ఇందుకా అని నవ్వొస్తుంది. కానీ రాస్తూ రాస్తూ, వద్దనుకుంటూనే, నాకూ నాలుగు సంగతులు తెలిశాయి.

ఈ .22 తూటాని రిమ్‌ఫైర్ అంటారు. పెద్ద తూటాలకి అడుగున సరిగ్గా నడిమధ్యలో, బొట్టు పెట్టినట్టు, అంటుకునే మందు ఉంటుంది. దీనికి అలా కాదు. కజ్జికాయ అంచు మడుస్తాం చూడండి, అలా మడిచిన ఇత్తడి అంచులోపల చుట్టూతా మందు ఉంటుంది. రివాల్వర్ సుత్తి ఆ అంచు మీద ఎక్కడో ఒకచోట కొడితే చాలు. అందుకే ఖాళీ రివాల్వర్‌ని ఊరికే టక్కుటక్కుమని నొక్కకూడదట. తూటా లేకపోతే ఆ దెబ్బ గది అంచుకి తగిలి లొట్ట పడుతుంది. మావారు మొదటిరోజు సినిమా హీరోలా నొక్కబోతే పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

ఇవి చేసిన రోజుల్లో స్మిత్ అండ్ వెసన్ వాళ్లది మసాచుసెట్స్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్. కోల్ట్ వాళ్లది అప్పట్లో కనెక్టికట్‌లో హార్ట్‌ఫర్డ్. రెండూ ఒకే నది ఒడ్డు ఊళ్లు, మధ్యలో దూరం ఇంచుమించు విజయవాడకీ గుంటూరుకీ ఉన్నంతే. అయినా పట్టింపు చూడండి, ఒకరి సిలిండర్ ఎడమవైపు తిరుగుతుంది, ఇంకొకరిది కుడివైపు. స్మిత్ వాళ్లు .22లో ఈ గురి రివాల్వర్ మొదట 1931లో తెచ్చారు. యుద్ధం వచ్చి ఆపేశారు. యుద్ధం అయ్యాక మళ్లీ మొదలుపెట్టారు. మా పెట్టెలోది ఆ తరానిదే. 1957లో అన్నిటికీ నంబర్లు ఇచ్చినప్పుడు కె-22 కాస్తా మోడల్ 17 అయింది. సిలిండర్ పక్కకి తీస్తే ఆ సందులో నంబరు కొట్టి ఉంటుంది. తమాషా ఏమిటంటే నంబరు లేనిదానికే సాధారణంగా గిరాకీ ఎక్కువ. సేకరించేవాళ్ల లోకం అంతే!

కోల్ట్ వాళ్లది 1953లో వచ్చిన ఆఫీసర్స్ మోడల్ మ్యాచ్ ఒకటుంది. ఇంకొకటి హారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్ వాళ్ల స్పోర్ట్స్‌మన్. ఇది పేదవాడి రివాల్వర్ అని పెద్దాయన అంటాడు గానీ నాకు ఇదే ఇష్టం. ఆరు కాదు, తొమ్మిది తూటాలు పడతాయి. కందికాయ విరిచినట్టు మధ్యకి విరిస్తే ఖాళీ గొట్టాలన్నీ ఒక్కసారి ఎగిరి బయటపడతాయి. ఆ కంపెనీ 1986లో మూతపడింది. నాలుగోది ఇంకో కోల్ట్, దాని కథ వేరు.

ఒక ఆయుధాల షోలో మావారు దాన్ని చూసి మనసు పారేసుకున్నారు. నల్లగా నిగనిగలాడుతోంది. అమ్మేవాడు 'ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది' అన్నాడు. ఈయన నమ్మారు. ఇంటికి తెచ్చి పెద్దాయనకి చూపిస్తే, ఆయన కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. పక్కన చెక్కిన గుర్రం బొమ్మ మీద బొటనవేలు రాసి, 'అంచులు మొద్దుబారాయి. ఎవరో పాలిష్ పట్టించి మళ్లీ రంగెక్కించారు' అన్నాడు. ఆ నలుపు పూసిన రంగు కాదట, ఇనుముని మందుల్లో ముంచి పైపొరని మార్చేది. ఒకసారి పోతే ఆ పాత పొర రాదు. పోసిన డబ్బు దాదాపు సగానికి దండగ. మా అత్తగారు ఇత్తడి బిందెని చింతపండేసి తోమి తళతళలాడిస్తేనే వస్తువుకి విలువ అంటారు. ఇక్కడ తోమితే విలువ పోతుంది. సిలిండర్ చుట్టూ తిరిగి తిరిగి పడిన సన్నటి గీత కూడా అలాగే ఉండాలి. మావారు వారంరోజులు సరిగ్గా అన్నం తినలేదు. నేను ఒక్క మాట అనలేదు, ఏదో అందామనుకుని ఆ మొహం చూసి ఊరుకున్నాను. ఆ కోల్ట్ ఇంకా మాదగ్గరే ఉంది. అమ్ముదామంటే నిజం చెప్పి అమ్మాలి, నిజం చెబితే ఎవరూ కొనరు.

ఇక ఆ మెషీన్‌లో తూటా దొరికిన ఆదివారం.

మావారికి చూపిస్తే, 'అయ్యో, జేబులో ఉండిపోయినట్టుంది. నీళ్లలో నానింది, ఏం కాదులే' అన్నారు. ఆ 'ఏం కాదులే' దగ్గర నాకు ఒళ్లు మండింది. అప్పుడే అనుమానం వచ్చి, సేఫ్ నంబరేమిటని అడిగాను. చెప్పారు. చిన్నాడి పుట్టినరోజు.

చిన్నాడప్పటికి పధ్నాలుగేళ్లవాడు. సోఫాలో ఫోన్ చూసుకుంటున్నాడు. 'ఒరేయ్, నాన్న సేఫ్ నంబరు నీకు తెలుసా?' అన్నాను. తల కూడా ఎత్తకుండా ఆ అంకెలన్నీ చెప్పేశాడు. 'నాన్న అన్నిటికీ అదే కదమ్మా పెడతాడు' అన్నాడు.

ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. నేను అరవలేదు. ఎప్పుడూ గిన్నెలు కొడుతూ అరిచే మనిషిని, ఆరోజు గొంతు రాలేదు. 'తీశావా ఎప్పుడైనా?' అని వాడిని అడిగాను. 'లేదమ్మా' అన్నాడు. నిజమే చెప్పాడనిపించింది. కానీ పధ్నాలుగేళ్ల పిల్లాడికి ఒక పాడురోజు వస్తుంది. మార్కులు తక్కువైన రోజు, స్నేహితుడు వెలివేసిన రోజు, మనకి చెప్పుకోని రోజు. ఆ రోజు నంబరు గుర్తుండకూడదు కదా.

మర్నాడు ఆయన ఆఫీసుకి సెలవు పెట్టి కొత్త సేఫ్ తెచ్చారు. నంబర్లది కాదు, తాళంచెవిది. నేల కాంక్రీటుకి బోల్టులు బిగించాం. తూటాలు దాన్లో కాదు, గరాజ్‌లో వేరే ఇనపపెట్టెలో. ఆ తాళం ఆయన దగ్గర, రివాల్వర్ల తాళం నా దగ్గర. ఒకరు లేకుండా ఇంకొకరు ఏమీ చెయ్యలేరు. మా అమ్మమ్మ బొడ్లో దోపుకునే తాళంగుత్తి గుర్తొచ్చింది నాకు. పండక్కి పప్పుబెల్లాలు కావాలన్నా ఆవిడ లేచి రావల్సిందే. నా తాళంచెవి ఎక్కడుంటుందో ఇక్కడ రాయను. మావారూ ఇది చదువుతారు!

తాళం నా దగ్గరుండటంవల్ల వచ్చిన తంటా ఏమిటంటే, వాళ్లు రేంజ్‌కి వెళ్లే శనివారం నేనూ లేవాలి, తీసివ్వాలి, వచ్చాక లెక్క చూసుకుని పెట్టాలి. అలా రెండు మూడు నెలలు చేశాక, సరే అదేమిటో చూద్దామని ఒకరోజు నేనూ కారెక్కాను.

నేననుకున్నట్టు ఏమీ లేదక్కడ. ఎనిమిది మంది ముసలివాళ్లు, ఒక కుక్క, ఫ్లాస్కుల్లో కాఫీ. పెద్దాయన కుర్చీ వేసుకుని కూచుని చెబుతుంటే మావారు నించుని నేర్చుకుంటున్నారు. ఈ ఆటలో రెండు చేతులు వాడకూడదు. ఒక్క చేత్తోనే చాపి కాల్చాలి, రెండో చెయ్యి జేబులో. రివాల్వర్ బరువు కిలో పైనే. ముందు 50 గజాల నుంచి పది నిమిషాల్లో పది తూటాలు. తర్వాత 25 గజాల నుంచి 20 సెకన్లలో ఐదు, ఆపైన పది సెకన్లలో ఐదు. ఈ ఐదింటికీ ప్రతిసారీ బొటనవేలితో సుత్తి వెనక్కి లాగి, మళ్లీ గురి చూసి నొక్కాలి. 50 గజాల అట్ట మీద పది మార్కుల వలయం ఎంతుంటుందనుకున్నారు? ఒక గారె అంత.

పెద్దాయన ఇరవైల్లో ఉండగా వాళ్ల నాన్నతో కలిసి ఈ కె-22 తీసుకుని క్యాంప్ పెర్రీ వెళ్లేవాడట. ఈరీ సరస్సు ఒడ్డున, మా ఒహాయోలోనే. 1907 నుంచి దేశంలో గురి పోటీలకి పేరున్నచోటు. సరస్సు మీదనుంచి గాలి కొడితే చేతిలో రివాల్వర్ గాలిపటంలా ఊగేదట. అప్పటికే అందరూ ఆటోమేటిక్ పిస్టళ్లకి మారిపోతున్నారు. ప్రతి తూటాకీ బొటనవేలితో తంటాలు పడే రివాల్వర్ వాళ్లని చూసి జాలిపడేవారట. 'మా నాన్న మారలేదు. నేనూ మారలేదు. ఒక్క కప్పు కూడా గెలవలేదు' అని నవ్వాడు.

నా చేతికీ ఇచ్చారు. చెవులకి మూతలు, కళ్లకి అద్దాలు. ఒకే ఒక్క తూటా పెట్టారు. 'బొమ్మ వైపు చూడకండి. ముందున్న ఈ ఇనపముక్క మీదే చూపు పెట్టండి. ఇది స్పష్టంగా కనిపించాలి, బొమ్మ మసకగా ఉన్నా ఫరవాలేదు' అన్నాడు పెద్దాయన. నాకు నవ్వొచ్చింది. చెట్టు, కొమ్మ, ఆకు ఏవీ కనిపించకూడదు, పిట్ట కన్నే కనిపించాలని అర్జునుడికి పరీక్ష పెట్టిన ద్రోణాచార్యుడు ఈ మాట వింటే ఏమనేవాడో! ఈయనేమో పిట్టని వదిలేసి నీ బాణం మొన చూసుకో అంటాడు.

చెయ్యి వణుకుతోంది. 'వణుకు ఆగదు, ఆగేదాకా చూడకండి. వణుకుతుండగానే మెల్లగా నొక్కండి' అన్నాడు. నొక్కాను. సీమటపాకాయంత చప్పుడు. చెయ్యి కొంచెం ఎగిరిందంతే. అట్ట మీద ఒక మూల చిల్లు, వలయాలన్నిటికీ బయట.

నచ్చిందా అని అడుగుతారు కదా. ఆ ఒక్క క్షణం ఇంకేమీ గుర్తులేదు, అది నిజం. ఇంటి లోను, అమ్మ మోకాళ్లు, పెద్దదాని కాలేజీ ఫీజు, ఏవీ. తర్వాత వెంటనే గోడకి ఆనించిన ఆ తుపాకీ, నా బడిసంచి గుర్తొచ్చాయి. రివాల్వర్ బల్ల మీద పెట్టేశాను. ఇంకోటి కాలుస్తారా అంటే చాలన్నాను.

మావారు బల్లల దగ్గర అట్టలు మారుస్తుండగా పెద్దాయన పక్కన కూచున్నాను. 'తాళం మీ దగ్గరే ఉంటుందట కదా' అన్నాడు. అవునన్నాను. కొంచెంసేపు ఆగి, 'మంచిది. మా ఆవిడ పోయాక శీతాకాలం సాయంత్రాలు మరీ పొడుగైపోయాయి. ఐదున్నరకే చీకటి పడుతుంది. అది మా ఇంట్లో లేకపోవడమే మంచిదనిపించింది. మీ ఇంట్లో పెట్టాక నిద్ర పడుతోంది' అన్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని అటువైపు చూస్తూ అన్నాడు, వాతావరణం గురించి చెప్పినట్టు.

నాకు వెంటనే అర్థం కాలేదు. కారులో సగం దూరం వచ్చాక అర్థమైంది. కేకనుకుని ప్లేట్లు తీసిన ఆ సాయంత్రం ఆయన మా ఇంటికి ఏం మోసుకొచ్చాడో.

అప్పట్నుంచీ శీతాకాలంలో వారానికి మూడు రాత్రులు ఆయన భోజనం మా ఇంట్లోనే. చారు అలవాటైపోయింది ఆయనకి. మావారు ఆ మాట విన్నారో లేదో నేను అడగలేదు. కానీ భోజనాలయ్యాక ఒక్కోసారి నా దగ్గర తాళం అడిగి, కె-22 తెచ్చి, సిలిండర్ తెరిచి ఖాళీగా ఉందని ముగ్గురికీ చూపించి, గుడ్డ పరిచి ఆయన ముందు పెడతారు. పెద్దాయన వణికే చేతులతో నూనె గుడ్డ పట్టుకుని తుడుస్తాడు. ఆ శుభ్రంచేసే మందు వాసన నాకు మొదట్లో తలనొప్పి తెచ్చేది. ఇప్పుడు పోపు వాసనతో కలిసిపోయింది. తుడిచాక ఇద్దరూ సబ్బుతో చేతులు కడుక్కున్నాకే నేను స్వీటు పెడతాను. సీసం కదా మరి. రేంజ్ నుంచి వచ్చిన బట్టలు విడిగా ఉతకడం, చెప్పులు బయటే వదలడం సరేసరి.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పోయిన నెల చిన్నాడికి పదహారు నిండాయి. 'నాకూ నేర్పమని తాతాని అడిగాను. ముందు మీ అమ్మనడుగు అన్నాడు' అన్నాడు. ఇక్కడి కేంద్ర చట్టం ప్రకారం పద్ధెనిమిది నిండని పిల్లలు గురి సాధనకైనా చేతి తుపాకీ పట్టుకోవాలంటే, తల్లో తండ్రో ముందుగా రాసిచ్చిన కాగితం వాళ్ల దగ్గర ఉండాలి. తండ్రి సంతకం చాలు. మావారు పెట్టలేదు. 'నువ్వు రాస్తేనే' అన్నారు.

పదిరోజులు రాయలేదు. వాడు అడగలేదు కూడా, అదే ఇంకా కష్టంగా ఉంది. వద్దంటే వాడెక్కడో ఎవరో స్నేహితుడి ఇంట్లో, తాళం లేని డ్రాయర్‌లో దొరికినదాన్ని పట్టుకుంటే? రాస్తే, బాపు ఏమనేవాడు? ఊళ్లో అందరికీ ఉత్తరాలు రాసిన బాపు ఈ ఉత్తరం రాసేవాడా? తెల్లకాగితం ముందు కూచుని, బి.ఏ.లో ఎన్ని వ్యాసాలు రాశానో, రెండు వాక్యాలు రావడం లేదు. శుక్రవారం రాత్రి రాశాను. వాడి పేరు, నా పేరు, పెద్దాయన, మావారు పక్కనుండగా మాత్రమే అని, తేదీ, సంతకం. వాడు చదివి నాలుగు మడతలు పెట్టి పర్సులో పెట్టుకున్నాడు. 'థాంక్స్ అమ్మా' అన్నాడు, ఎప్పుడూ అనడు.

శనివారం పొద్దున ముగ్గురూ వెళ్లాక అమ్మ వాట్సాప్‌లో ఫోన్ చేసింది. అక్కడ రాత్రి. ఇన్నేళ్లూ ఈ సంగతి అమ్మకి చెప్పలేదు నేను. ఇంట్లో సేఫ్ కనిపించకుండా ఫోన్ అటు తిప్పేదాన్ని కాదు.

'పోరడేడి, కనిపిస్తలేడు?' అంది.

ఎందుకో అబద్ధం రాలేదు. అంతా చెప్పేశాను. పెద్దాయన సంగతి, రివాల్వర్లు, కాగితం రాసిచ్చిన సంగతి. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. లైను పోయిందేమో అనుకున్నాను. వెనకాల ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది.

'తాళం ఎవలి దగ్గరుంటది బిడ్డా?' అంది.

'నా దగ్గరనే అమ్మా.'

'ఊఁ' అంది. మళ్లీ కొంచెంసేపు ఆగింది. తర్వాత, ఈసారి మామిడికాయ పచ్చడి ఎవరితో పంపాలి, ఎవరైనా వచ్చేవాళ్లున్నారా అని అడిగింది.